లాంజ్‌లో సగం కడుపే నింపుకో, తమ్ముడూ

చిరంజీవి తమ్ముడికి, అప్ప దీవెనలు.

ఇన్నేళ్ళకి కాలేజీ నేస్తాలను చూడ్డానికి హైదరాబాద్ బయల్దేరుతున్నావు, చాలా సంతోషం. ఎయిర్‌పోర్టు లాంజ్‌లో, అదే విమానం ఎక్కేదాకా కూర్చోబెట్టి తిండి పెట్టే గదిలో, ఏం తినాలి, ఎంత తినాలి అని అడిగావు కదా. మధ్యాహ్నం వాళ్ళింట్లో నీకోసం విస్తరి వేసి ఉంచుతారు. దాని ముందు నువ్వు ఆకలితో కూర్చోవాలి. అది మనసులో పెట్టుకుని ఈ ఉత్తరం చదువు.

ముందు లాంజ్‌లోకి ఉచితంగా వెళ్ళడానికి చూపించే నీ బ్యాంకు కార్డు సంగతి. వారం ముందే బ్యాంకుకి ఫోన్ చేసి మూడు విషయాలు అడుగు: ఈ మూడు నెలల్లో ఉచితంగా ఎన్నిసార్లు వెళ్ళొచ్చు, భువనేశ్వర్ లాంజ్ వాళ్ళ జాబితాలో ఉందా, ముందటి మూడు నెలల్లో కార్డు మీద ఇంత ఖర్చు పెట్టి ఉండాలన్న షరతు ఏమైనా ఉందా. ఈ మూడోది చాలామందికి తెలియదు, తీరా గుమ్మం దగ్గర కార్డు చెల్లదంటే చిన్నబోతారు. కార్డు చేతిలో ఉండాలి, పిన్ గుర్తుండాలి. గీసినప్పుడు రెండు రూపాయలో, ఇంకాస్తో పడితే కంగారుపడకు, కార్డు పనిచేస్తోందా లేదా అని చూసుకోవడానికే అది. బోర్డింగ్ పాస్ మీదా కార్డు మీదా ఒకే పేరు ఉండాలి. మరదలు కూడా వస్తే ఆవిడకి ఆవిడ కార్డే తీసుకెళ్ళు.

వేళల లెక్క ఇలా వేసుకో. విమానం పదిన్నరకి అనుకో. బరంపురం నుంచి భువనేశ్వర్‌కి రైల్లో రెండున్నర గంటలు పడుతుంది. రైలు గంట ఆలస్యమైనా ఎనిమిదికల్లా ఎయిర్‌పోర్టు గుమ్మంలో ఉండేలా బండి చూసుకో. సామాను కౌంటర్ గంట ముందు, అంటే తొమ్మిదిన్నరకి మూసేస్తారు. గేటు ఇరవై ఐదు నిమిషాల ముందు మూస్తారు. తనిఖీ అయ్యాక ఎనిమిదీ నలభైకి లాంజ్‌లో కూర్చున్నావంటే తొమ్మిదిన్నరకి లేచిపోవాలి. చాలాచోట్ల లాంజ్‌లో బోర్డింగ్ అని ఎవరూ కేకెయ్యరు, కాబట్టి ఫోన్లో అలారం పెట్టుకుని విమానాల వేళలు చూపే తెర కనిపించే కుర్చీలో కూర్చో. పొద్దుటి ఫలహారానికీ మధ్యాహ్నం భోజనానికీ మధ్య కాసేపు పాత్రలు మార్చే వేళ ఉంటుంది. అప్పుడు వెళ్తే బిస్కట్లూ టీయే గతి.

లోపలికి వెళ్ళగానే ప్లేటు పట్టుకోకు. ఒక్కసారి చుట్టూ నడిచి, ఏ పాత్రలోకి అప్పుడే వండింది వస్తోందో చూడు. ఉప్మా మీద ఎండిన పొర, సాంబారు మీద మీగడలా తెట్టు కట్టి ఉంటే అది చాలాసేపట్నుంచి అక్కడే ఉందన్నమాట. గరిటె అడుగుదాకా పెట్టి తిప్పితే ఆవిరి రావాలి, రాకపోతే వదిలెయ్యి. ఇడ్లీలు అంచుల దగ్గరివి బిరుసెక్కుతాయి, మధ్యవి తీసుకో. గారెల పాత్రకి మూత ఉంటే మూతమీది నీళ్ళు కారి మెత్తబడిపోతాయి, గారెలు ఆ పూట వద్దు. దోసె అక్కడికక్కడ పోసి ఇస్తుంటే అంతకంటే మంచిది లేదు, మిగతావన్నీ మాని అదే తిను.

రెండు ఇడ్లీ లేదా ఒక దోసె, నాలుగు బొప్పాయి ముక్కలు, ఒక చిన్న కప్పు కాఫీ. అంతే. బఠాణీల ఘుగుని కనిపిస్తే మన నోరు ఊరుకోదు, అయినా ఒక గరిటెకి మించకు. శనగలు, రాజ్మా, సోడా నీళ్ళు కూడా అంతే. విమానం పైకి వెళ్ళాక లోపల గాలి ఒత్తిడి తగ్గుతుంది, సుమారు ఆరేడు వేల అడుగుల కొండమీద ఉన్నట్టు. కడుపులోని గాలి ఉబ్బి, గంటన్నర ప్రయాణమంతా బిగదీసుకుని కూర్చోవాల్సి వస్తుంది. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఎక్కేముందు ఒక గ్లాసు నీళ్ళు తాగు.

షుగర్ మాత్ర తిండికి ముందు వేసుకునేదైతే, ప్లేటు నీ ముందుకు వచ్చాకే వేసుకో. లాంజ్ నిండిపోయి బయట అరగంట నిలబెట్టే రోజులుంటాయి. మాత్రలూ డాక్టరు చీటీ చేతిసంచిలోనే పెట్టుకో. షుగర్ పడిపోతే తినడానికి నాలుగు ఖర్జూరాలు కూడా.

లాంజ్‌లోంచి పళ్ళూ కేకులూ సంచిలో వేసుకోకు, అక్కడ కూర్చుని తినడానికే ఇచ్చేవి అవి. నేస్తాలకి ఇవ్వాల్సింది మన బరంపురం అప్పడాలు, ఆవకాయ. ఆవకాయ చేతిసంచిలో పెడితే తనిఖీ దగ్గర తీయించేస్తారు. కౌంటర్‌లో ఇచ్చేసే పెద్ద సంచిలోనే పెట్టు, గాజు సీసా వద్దు, ప్లాస్టిక్‌దే తీసుకో. సీసా మూతి మీద పాలిథిన్ కాగితం వేసి, ఆపైన మూత బిగించి, చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో కట్టి తువ్వాలు చుట్టు. సీసాని నిండా నింపకు, రెండు వేళ్ళ ఖాళీ ఉంచు, లేకపోతే నూనె పైకి తన్నుతుంది. ఎండుకొబ్బరి ఆ సంచిలో వెయ్యకూడదు, నూనె సరుకు, నిప్పంటుకుంటుందని ఒప్పుకోరు. అప్పడాల కట్ట చేతిసంచిలో అన్నిటికంటే పైన పెట్టి, ఆ సంచి ముందు సీటు కింద పెట్టుకో. తలమీది అరలో వేరేవాళ్ళ పెట్టె పడిందంటే నువ్వు వాళ్ళకి ఇచ్చేది పొడే.

దిగగానే ఫోన్ చెయ్యి.

నీ అప్ప