‘ఎలిగాన్స్’ అని వెతికితే నక్షత్ర తాబేలు ఎందుకు వస్తోంది: సమాధానం

సరీసృపాల పేర్లు, వివరాలు ఉండే రెప్టైల్ డేటాబేస్ అనే వెబ్‌సైట్‌లో మీ తాబేలు కోసం ‘ఎలిగాన్స్’ అని వెతికితే నక్షత్ర తాబేలు వస్తోందని, మీ దగ్గరున్నది చట్టం రక్షించే తాబేలేమోనని భయంగా ఉందని అడిగారు. మీరు జాతి గడిలో మీ తాబేలు శాస్త్రీయ నామంలోని మూడో పదాన్ని నింపడమే దీనికి కారణం. చెన్నైలోని వేళచ్చేరిలో మీరు కొన్న, కంటి వెనుక ఎర్రచార ఉన్న నీటి తాబేలు పూర్తి శాస్త్రీయ నామం ట్రాకెమిస్ స్క్రిప్టా ఎలిగాన్స్. ఇందులో మొదటి పదం ప్రజాతిని (జీనస్), రెండోది జాతిని (స్పీషీస్), మూడోది ఉపజాతిని (సబ్‌స్పీషీస్) తెలుపుతాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు. రెప్టైల్ డేటాబేస్‌లో పేజీ జాతికే ఉంటుంది, ఉపజాతులు ఆ పేజీ లోపల కనిపిస్తాయి. మన నక్షత్ర తాబేలు జియోకెలోన్ ఎలిగాన్స్ కాబట్టి, దానికి ‘ఎలిగాన్స్’ జాతి నామమే అయినందున మీకు అదే ఎదురైంది.

1. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో ప్రజాతి గడిలో ‘ట్రాకెమిస్’, జాతి గడిలో ‘స్క్రిప్టా’ అని ఇంగ్లీషు అక్షరాలలో రాయండి. దుకాణదారు చెప్పిన పేరును వాడకండి.

2. తెరుచుకున్న పేజీలో ఉపజాతుల వరుసను చూడండి. పసుపు పొట్ట తాబేలు కూడా ఈ జాతిదే కనుక, కంటి వెనుక చారను మళ్ళీ పరిశీలించుకోవడం అవసరం.

మీ భయం విషయానికొస్తే, వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నది నక్షత్ర తాబేలు. మీది అమెరికాకు చెందిన వేరే జాతి. అయితే ఇది స్థానిక తాబేళ్ళకు ముప్పు తెచ్చే ఆక్రమణ జాతి కనుక, పెంచలేకపోయినా పళ్ళికరణై చిత్తడి నేలలో మాత్రం దయచేసి వదలకండి.

3. పాత పుస్తకంలో ‘సూడెమిస్’ లేదా ‘క్రిసెమిస్’ అని ఉంటే, ఆ పేరును సినోనిమ్ (పాత లేదా మారు పేరు) గడిలో వెతకండి.