లివర్‌ను ఐస్ పెట్టెలో తెస్తే చాలా, మెషిన్ ఉన్న ఆసుపత్రికే మారాలా?

మీ బాబాయిగారి పేరు జీవన్‌దాన్ (దాతల అవయవాలను కేటాయించే ప్రభుత్వ పథకం) లిస్టులో ఉందన్నారు. దాత లివర్‌ను ఐస్‌లో తెచ్చే విజయవాడలోనే ఉండాలా, మెషిన్‌లో ఉంచే పెద్ద ఊరికి మారాలా అని అడిగారు. మా అన్నయ్యకు విజయవాడలోనే మార్పిడి జరిగింది, ఇది మూడో ఏడు. నేను డాక్టర్ని కాను. ఆ ఆసుపత్రి వరండాలో కూర్చుని అడిగి తెలుసుకున్నదీ, తర్వాత చదివిందీ చెబుతున్నాను.

ముందుగా, ఐస్ పెట్టెను తక్కువగా చూడకండి. లివర్‌లోని రక్తాన్ని చల్లటి ద్రావణంతో కడిగేసి, అదే ద్రావణంలో ముంచి, ఒకదాంట్లో ఒకటిగా మూడు సంచుల్లో కట్టి ఐస్ మధ్య పెడతారు. ఐస్ నేరుగా తగలకూడదు. 4 డిగ్రీల దగ్గర కణాల పని బాగా మందగిస్తుంది. మా అన్నయ్య గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా. ఈ సంగతి వినగానే "అయితే నాకొచ్చేది కోల్డ్ స్టోరేజీ సరుకేనన్నమాట" అని నవ్వాడు. కాకపోతే మిర్చి టిక్కీలు (బస్తాలు) నెలల తరబడి ఉంటాయి, లివర్‌కు ఉండేది గంటలే. చల్లగా ఉన్నా ఆక్సిజన్ అందదు కదా. ఆ తర్వాత ఒంట్లో వెచ్చటి రక్తం ఒక్కసారిగా పారినప్పుడు అసలు దెబ్బ తగులుతుంది. మంచి లివర్ దాన్ని తట్టుకుంటుంది. కొవ్వు పట్టిన లివర్‌కు అది కష్టం.

ఇది మాకు అనుభవంలోకి వచ్చింది. మొదటిసారి రాత్రి పదకొండున్నరకు ఫోన్ వచ్చింది. ఏమీ తినకుండా బయల్దేరి, వారధి దాటి, రక్త పరీక్షలన్నీ ఇచ్చి కూర్చున్నాం. తెల్లవారుజామున కోఆర్డినేటర్ వచ్చి, దాత లివర్‌లో కొవ్వు ఎక్కువగా ఉంది, రిస్క్ తీసుకోలేమన్నారు. వదిన అప్పుడు అడిగిన మాట నాకింకా గుర్తుంది: "ఫ్రిజ్‌లో పాలు బాగున్నాయో విరిగాయో పొయ్యి మీద పెడితేనే కదా తెలిసేది. దీన్ని అలా చూడలేరా?"

మెషిన్ చేసేది అచ్చంగా అదే. 37 డిగ్రీల దగ్గర, రెండు రక్తనాళాలకు గొట్టాలు పెట్టి, బ్లడ్ బ్యాంకు రక్తకణాలు, ఆక్సిజన్, పోషకాలు పంపిస్తారు. లివర్ పైత్యరసం ఊరిస్తుందా, ఆక్సిజన్ చాలనప్పుడు పేరుకునే లాక్టేట్ తగ్గుతోందా అని రోగి ఒంట్లో పెట్టకముందే చూసుకోవచ్చు. 2018లో నేచర్ పత్రికలో వచ్చిన యూరప్ ట్రయల్‌లో ఐస్‌తో పోలిస్తే పక్కన పడేసిన లివర్లు సగానికి తగ్గాయి, నిల్వ సమయం సగానికి పైగా పెరిగింది. కానీ రోగులు బతికే శాతంలో రెంటికీ తేడా కనిపించలేదు. ఈ చివరి ముక్క ఆసుపత్రి బ్రోషర్లలో దొరకదు లెండి.

చల్లగానే ఉంచి ఆక్సిజన్ పంపే మెషిన్ ఇంకొకటుంది. గుండె ఆగాక దానం చేసిన లివర్లలో పైత్యనాళాలు ఇరుకయ్యే సమస్య దానివల్ల 18 శాతం నుంచి 6 శాతానికి తగ్గిందని 2021లో తేలింది. మన దగ్గర దానాలు ఎక్కువగా బ్రెయిన్ డెడ్ అయినవారి నుంచే కాబట్టి, మీ విషయంలో దానికంత ప్రాధాన్యం లేదు.

నన్నడిగితే మెషిన్ కోసమే ఊరు మారొద్దు. దాత దగ్గర్లోనే ఉండి లివర్ బాగుంటే ఐస్ చాలు. అన్నయ్యకు నాలుగు నెలల తర్వాత దొరికిన లివర్ ఊళ్లోనే ఇంకో ఆసుపత్రి నుంచి వచ్చింది. పిక్నిక్‌కు తీసుకెళ్లే లాంటి నీలం పెట్టెను ఇద్దరు పట్టుకుని లిఫ్ట్ ఎక్కారు, అంతే. ఆరు గంటల్లోపే రక్తం పారింది. మీ సర్జన్‌ను మాత్రం రెండు అడగండి: కొవ్వు ఎంతవరకు ఉంటే ఒప్పుకుంటారు? మెషిన్ వాడాల్సి వస్తే గొట్టాల సెట్టు ఖర్చు ఎవరిది? ఒక్కో లివర్‌కూ కొత్త సెట్టు వాడాలి, అదేం చవక కాదు.

ఇంకోటి, కోఆర్డినేటర్‌కు కనీసం ముగ్గురి నంబర్లు ఇవ్వండి. ఆ రాత్రి అన్నయ్య ఫోన్ వంటింట్లో ఛార్జింగ్‌లో ఉంది. వదిన మంచినీళ్లకు లేచింది కాబట్టి సరిపోయింది.