కోర్దోబా పాత ఊళ్లో బస: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి స్పెయిన్‌లో, మాడ్రిడ్‌లో ఉద్యోగం చేస్తోంది. వచ్చే మే నెలలో నేనూ మావారూ అక్కడికి వెళ్తున్నాము. కోర్దోబా పాత ఊళ్లో హోటలుగా మార్చిన ఒక పాతకాలపు ఇంట్లో రెండు రాత్రులు ఉందామని అమ్మాయి అంటోంది. మావారికి మోకాళ్ల నొప్పులు. రైల్వే స్టేషను దగ్గర కొత్త హోటలు మేలా? ప్రభుత్వ హోటళ్లు పాత కోటల్లో ఉంటాయని కూడా విన్నాము.
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: పాత ఊళ్లోనే దిగండి, కాని ఏ గది ఇస్తారో ముందే అడిగి రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి. మాడ్రిడ్ నుంచి ‘ఆవే’ అనే అతివేగపు రైల్లో రెండు గంటల లోపే కోర్దోబా చేరవచ్చు కనుక చాలామంది పొద్దున వచ్చి, 8వ శతాబ్దంలో మసీదుగా మొదలై ఇప్పుడు కెథీడ్రల్‌గా ఉన్న మెస్కితాను, అందులోని 850కి పైగా స్తంభాలను చూసి, సాయంత్రానికి తిరుగు రైలెక్కుతారు. వాళ్లు వెళ్లిపోయాక ఆ సన్నని సందులు ఎలా ఉంటాయో రాత్రికి అక్కడ ఉన్నవారికే తెలుస్తుంది.

అక్కడి ఇళ్ల నడుమ ఉండే పాతియో మీకు కొత్తగా అనిపించదు. మన మండువా లోగిలిలాగే పైకప్పు లేని నడిమి వాకిలి, చుట్టూ వసారాలు, కొన్నిచోట్ల ఓ మూల బావి, ఎండను తిప్పికొట్టే సున్నపు గోడలు. నేను దిగిన ఇంట్లో గోడనిండా పూలకుండీలు వేలాడదీశారు. సాయంత్రం ఒక పెద్దావిడ పొడవాటి వెదురుగడ కొసకు రేకుడబ్బా కట్టి, పై వరస కుండీలకు ఒక్కొక్కదానికే నీళ్లు పోస్తుంటే, పొంగిన నీరు తెల్లగోడ మీద చారలుగా దిగేది. నేను కాఫీ చల్లారిపోయేదాకా అదే చూస్తూ కూర్చున్నాను.

ఆ ఇంట్లోనే నడుము నొప్పి కూడా తెచ్చుకున్నాను. నా గది రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, వంపు తిరిగే ఇరుకు మెట్ల మీద పెట్టెను నేనే మోసుకోవలసి వచ్చింది. ఇలాంటి ఇళ్లలో చాలావాటికి వారసత్వ రక్షణ నిబంధనలు వర్తిస్తాయి, లిఫ్టు కోసం గోడలు పగలగొట్టడం అంత తేలిక కాదు. కనుక కింది గది ఉందా, స్నానానికి తొట్టిలోకి కాలెత్తి దిగాలా, ట్యాక్సీ ఏ మలుపు దాకా వస్తుంది అన్న మూడు సంగతులూ అమ్మాయి చేత అడిగించండి. సందుల్లో పరిచిన గులకరాళ్ల మీద చక్రాల పెట్టె సరిగా దొర్లదు. వీధి వైపు గదికి అర్ధరాత్రి దాకా మాటల సందడి, పాతియో వైపు గదికి పొద్దున్నే ఫలహారపు గిన్నెల చప్పుడు తప్పవు. నేనైతే రెండోదే కోరుకుంటాను.

మే మొదటి పక్షంలో అక్కడ పాతియోల పండుగ జరుగుతుంది. 2012లో యునెస్కో గుర్తింపు పొందిన ఈ వేడుక రోజుల్లో అద్దెలు బాగా పెరుగుతాయి, గదులూ దొరకవు, కాబట్టి నెలల ముందే ఖాయం చేసుకోవాలి. అలాగని జూలైకి వాయిదా వేసుకోకండి. అప్పుడు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, రోహిణీ కార్తెను ఒంగోలులో వదిలి మళ్లీ అక్కడ వెతుక్కున్నట్టవుతుంది.

ఇక ప్రభుత్వ హోటళ్లంటే పరదోర్లు. 1928లో మొదలైన ఈ సంస్థకు కోటల్లోనూ మఠాల్లోనూ హోటళ్లున్న మాట నిజమే, గ్రనాడా ఊళ్లో అల్హంబ్రా అనే పాత రాజకోట ఆవరణలోనే ఒకటి ఉంది. కాని కోర్దోబాలోని పరదోర్ ఊరికి దూరంగా, కొండవాలున కట్టిన ఆధునిక భవనం. పేరు చూసి పాత కోట అనుకోవద్దు.

ప్రశ్న: మేము శాకాహారులము. అలాంటి చోట మాకు భోజనం దొరుకుతుందా?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: దొరుకుతుంది, కాని మన వేళలకు కాదు. మధ్యాహ్న భోజనం రెండింటికి, రాత్రి భోజనం ఎనిమిదిన్నర తరవాతే. టమాటా, రొట్టె, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి రుబ్బిన సల్మోరేహో అనే చల్లని చిక్కటి సూపు అక్కడి ప్రత్యేకత. దానిపైన ఉడికించిన గుడ్డు, హామోన్ అనే పంది మాంసపు ముక్కలు చల్లుతారు కనుక ‘సిన్ హామోన్, సిన్ వేవో’ అని ముందే చెప్పండి. మాంసం వద్దని మాత్రమే అంటే హామోన్‌ను లెక్కలోకి తీసుకోనివారు అక్కడ ఉన్నారు. వేయించిన వంకాయ ముక్కల మీద చెరకు పాకం పోసి ఇస్తారు, అది తప్పక తినండి. మొదటి ముక్కకు మొహం చిట్లించిన నేను రెండో పళ్లెం తెప్పించుకున్నాను.