వెంచర్ మధ్యలో నిలువురాయి: పాతదో కాదో తేల్చుకోవడం, చూడటం, నిలబెట్టుకోవడం

మీరు అడిగినవి మూడు. నల్లగొండ పక్కన హైవే మీది వెంచర్‌లో, ప్లాట్ల నడుమ ఒంటరిగా నిలబడ్డ 12 అడుగుల రాయి నిజంగా పాతదేనా? పిల్లలతో వెళ్తే ఏం చూడాలి? పక్క ప్లాటులో పునాదులు తీస్తున్నారు కదా, ఏమైనా చేయగలమా? తొందరున్నది మూడోదానికే. కానీ మొదటిది తేలకుండా ఆఫీసులో ఎవరూ కాగితం పట్టుకోరు, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

పాతిన రాయల్లా రాకాసిగుళ్ల (ఇనుపయుగపు రాతి సమాధుల) కాలందే అనుకోవద్దు. మన పల్లెల్లో నిలువురాళ్లు చాలా రకాలు. ఊరి నడుమ పొట్టిగా ఉండి పండుగ చేసుకునేది బొడ్రాయి. సర్వే మూలల్లో నడుము ఎత్తుకు మించకుండా ఉండేది హద్దురాయి. కత్తి పట్టిన మనిషి బొమ్మో, గుర్రమో చెక్కి ఉంటే వీరగల్లు, అక్షరాలుంటే శాసనం. చేను చుట్టూ పాతే రాతి కడీలు సన్నగా, నాలుగు పలకలుగా ఉంటాయి. ఎక్కువమంది పొరబడేది మోటబావి రాళ్ల దగ్గర. అవి జంటగా ఉంటాయి, పైకొసన గిలక దూలం కూర్చోవడానికి గాడి గానీ, బెజ్జం గానీ ఉంటుంది. బావి పూడ్చేసి ఒక రాయి పడిపోతే మిగిలింది అచ్చం పాత నిలువురాయిలాగే కనిపిస్తుంది. అందుకే మొదట రాయి తల చూడండి.

తర్వాత అంచులు చూడండి. రాయి అంచు పొడవునా సగం గొట్టంలాంటి గాడులు వరుసగా ఉంటే అవి డ్రిల్లు గుర్తులు, అంటే ఈ కాలపు క్వారీ రాయి. చిన్న నలుచదరపు గుంతలు వరుసగా ఉంటే ఉలి, మేకులు దింపి చీల్చింది. అదీ అంత పాతది కాదు. పాత నిలువురాళ్లు మామూలుగా గుట్ట నుంచి పొరగా ఊడిన బండను దాదాపు అలాగే తెచ్చి నిలబెట్టినవి. రెండు వెడల్పు ముఖాలు, రెండు సన్నటి పక్కలు, పైకి పోనుపోను సన్నబడటం, చెక్కడం లేకపోవడం లేదా చాలా తక్కువ ఉండటం వాటి తీరు. ముఖాల మీద బూడిద రంగు, ఆరెంజి రంగు నాచుమచ్చలు పెద్దగా పరుచుకుని ఉండాలి. అవి చాలా మెల్లగా పెరుగుతాయి.

ఇంత చూసినా అనుమానం కొంత మిగులుతుంది. రాయి ఎప్పుడు నిలబెట్టారో రాయిని చూసి లెక్కకట్టలేం, ఆ లెక్క చుట్టూ ఉన్న మట్టిలో దొరుకుతుంది. ఇలాంటి రాళ్ల దగ్గర సమాధి ఉంటే దానిలోని బొగ్గు, ఎముక, కుండపెంకు, ఇనుప ముక్క చూసే పురావస్తువాళ్లు కాలం చెబుతారు. అందుకే రాయి నుంచి కనీసం 50 మీటర్లు చుట్టూ తిరిగి చూడండి. నేలలో సగం దిగిన గుండ్లు వలయంగా ఉన్నాయా? నడుమ రాళ్ల కుప్ప ఉందా? బల్లపరుపు బండలు అంచు మీద నిలబెట్టి పెట్టెలా కట్టిన ఆనవాళ్లున్నాయా? లోపలి వైపు, మూతి దగ్గర నల్లగా, బయట కింది భాగం ఎర్రగా ఉన్న నున్నటి పెంకులు దొరుకుతున్నాయా? ఆ రెండు రంగుల పెంకు దక్షిణాది ఇనుపయుగం సమాధుల్లో మామూలుగా కనిపించేది. కనబడితే పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసి, పెంకును అక్కడే వదిలేయండి. జేబులో వేసుకున్న పెంకు దేనికీ సాక్ష్యం కాదు.

వీలైతే మీ రాయి దగ్గరికి వెళ్లేముందు ఒకసారి ముడుమాల్ చూసి రండి. అక్కడ కన్ను పదునెక్కుతుంది. పాత మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పటి నారాయణపేట జిల్లా కృష్ణ మండలంలో, కృష్ణానది ఒడ్డున ఉంది. 12 నుంచి 14 అడుగుల పెద్ద నిలువురాళ్లు 80 దాకా, వాటి చుట్టూ వరుసలుగా పేర్చిన చిన్నరాళ్లు వేలల్లో ఉన్నాయి. ఇవి 3,500 ఏళ్లకు పైబడినవని అంచనా. 2025లో ఈ చోటు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. ఊరివాళ్లు నిలురాళ్లు అంటారు, అలాగే అడగండి. మహబూబ్‌నగర్ నుంచి మక్తల్ మీదుగా రాయచూరు రోడ్డు పట్టుకుంటే చాలు. కాచిగూడ నుంచి రాయచూరు వెళ్లే రైలుకు కృష్ణ స్టేషన్ దగ్గర. నేల నల్లరేగడి, వాన పడిన మర్నాడు వెళ్తే చెప్పులు మట్టిలోనే ఉండిపోతాయి. పంట తీశాక, జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకా మంచి కాలం. ఒక బండ మీద సప్తర్షి మండలంలా తీర్చిన చిన్న గుంతలున్నాయి. వాటిని మిట్టమధ్యాహ్నం వెతికితే కనబడవు. సాయంత్రం ఏటవాలు వెలుగులో గానీ, టార్చి పక్కనుంచి నేలకు ఆనించి కొడితే గానీ గుంత అంచు నీడ పడదు.

ఇక మీ రాయి. పొద్దున 7 నుంచి 8న్నర మధ్య వెళ్లండి. వెలుగు పక్కనుంచి పడి రాతి ముఖం మీది గీతలు తేలతాయి, ఎండా ఉండదు. పట్టాదారు గానీ, వెంచర్ వాచ్‌మన్ గానీ ఎవరుంటే వాళ్లనడిగి లోపలికి పోండి. ముందు పెద్దవాళ్లను కదిలించడం మేలు. 'తాతా, ఈ రాయి మీ చిన్నప్పటి సంది గిట్లనే ఉన్నదా? పక్కన ఇంకేమన్నా ఉండెనా?' అని అడిగితే చాలు. పక్కన గుండ్ల వలయం ఉండేదని, దాన్ని జేసీబీ ఎత్తి కాలువలో పోసిందని అక్కడే తెలిసిపోతుంది. పసుపు కుంకుమ ఉంటే చెప్పులు దూరంగా విడవండి. పిల్లల్ని రాయి ఎక్కనివ్వకండి, సర్కారు తుమ్మ పొదల్లో చేతులు పెట్టనివ్వకండి. మొదలు దగ్గరి రాళ్ల సందుల్లో తేళ్లుంటాయి.

తీసుకెళ్లాల్సినవి: 5 మీటర్ల టేపు, 20 సెంటీమీటర్లకో రంగు వేసిన మీటరు కర్ర, నోటు పుస్తకం, ఫోను. రాయి ఎత్తు కొలవడానికి నిచ్చెన అక్కర్లేదు. సమతలమైన చోట కర్రను నిటారుగా పట్టి దాని నీడ, అదే నిమిషంలో రాయి నీడ కొలవండి. కర్ర నీడ 80 సెంటీమీటర్లు, రాయి నీడ 2.96 మీటర్లు వస్తే రాయి 3.7 మీటర్లు, అంటే 12 అడుగులు. నేల వాలుగా ఉంటే లెక్క తప్పుతుంది. వెంచర్‌లో ఇంకో చిక్కుంది. రోడ్లకు మొరం పోసి ఎత్తు చేస్తే రాయి పొట్టిగా కనిపిస్తుంది, మట్టి గీకేస్తే పొడుగవుతుంది. దీన్ని రాయే చెబుతుంది. మొదలు దగ్గర చూడండి. పైన నాచుమచ్చలతో నల్లబడిన చర్మం ఒక గీత గీసినట్టు ఆగిపోయి, దాని కింద అడుగో, రెండడుగులో లేత రంగు, మట్టి మరకతో శుభ్రంగా ఉందంటే అంతమేర మట్టి ఈమధ్యే తీసేశారు. ఆ గీత ఎత్తు కొలిచి రాసుకోండి. మీ అర్జీలో దానికి మించిన రుజువు ఉండదు.

ఫొటోలు నాలుగు దిక్కుల నుంచీ, రాయి ఎత్తుకు రెట్టింపు దూరంలో నిలబడి, కర్ర పక్కన నిలబెట్టి తీయండి. దగ్గర నుంచి వైడ్ లెన్సుతో తీస్తే నిటారు రాయి కూడా ఒరిగినట్టు వస్తుంది, ఇక ఆ ఫొటోతో ఎవరినీ ఒప్పించలేరు. ఒక ఫొటోలో కదలనిదేదైనా, అంటే నంబరున్న కరెంటు స్తంభమో, ప్లాటు రాయో తప్పకుండా పడాలి. సుద్దతో గీతలు దిద్దొద్దు, నీళ్లు కొట్టి రుద్దొద్దు.

వెడల్పు ముఖం ఏ దిక్కుకు ఉందో దిక్సూచితో రాసుకోండి. ఫోను దిక్సూచి కారు దగ్గర, ఇనుప చువ్వల కట్టల దగ్గర తప్పు చెబుతుంది, ఒక పది అడుగులు జరిగి రెండుసార్లు చూడండి. మన 17 డిగ్రీల అక్షాంశం దగ్గర జూన్ 21న సూర్యుడు దిక్సూచి మీద సుమారు 65 డిగ్రీల వైపు, డిసెంబరు 21న సుమారు 115 డిగ్రీల వైపు ఉదయిస్తాడు. మార్చి, సెప్టెంబరు విషువత్తుల్లో, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో, సరిగ్గా తూర్పున. ముడుమాల్ వరుసలను ఈ ఉదయాలతో ముడిపెట్టి చదివారు. కానీ ఒంటి రాయికి ఇది అంటగట్టకండి. ఒక్క బిందువు నుంచి ఏ దిక్కుకైనా గీత లాగొచ్చు. పైగా చుట్టూ మూడంతస్తుల ఇళ్లు లేచాక అక్కడ సూర్యుడు ఉదయించే చోటే కనబడదు.

రాయి పడిపోవడానికి పునాది గుంతే ఎందుకు ప్రమాదమో తెలిస్తే ఏం అడగాలో తెలుస్తుంది. గ్రానైట్ ఘనపు మీటరుకు 2.7 టన్నుల దాకా తూగుతుంది. నాలుగు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, అర మీటరు మందం ఉంటే 5 టన్నులు దాటుతుంది. ఇంత బరువును నిలబెట్టేది భూమిలో ఉన్న కాస్త మొదలు, దాని చుట్టూ గుంతలో కూరిన చిన్నరాళ్లు, గట్టిపడిన మట్టి. పక్కన మూడడుగుల కాలువ తవ్వితే ఆ కూర్పుకు ఒక వైపు ఆసరా పోతుంది. వెంటనే ఏమీ కాదు. రెండు వానలు పడి నీళ్లు దిగాక రాయి ఒరుగుతుంది, అప్పుడు 'ప్రమాదకరం' అని అదే జేసీబీతో పడగొడతారు. బోరు నీళ్లు మొదట్లోకి వదలడం, చెత్త పోగేసి తగలబెట్టడం కూడా ఇలాంటివే. మంట వేడికి గ్రానైట్ పెంకులు పెంకులుగా లేస్తుంది.

మంచి మనసుతో చేసే పనుల వల్లా నష్టం ఉంది. కాంక్రీటు గద్దె పోసి టైల్స్ అతికిస్తే నీళ్లు రాయి మొదలు దగ్గరే నిలుస్తాయి, కూర్పు రాళ్లు శాశ్వతంగా కనుమరుగవుతాయి. ఆయిల్ పెయింటు వేస్తే గుంతలు, గీతలు పూడిపోతాయి. పూజను మాన్పించాలని మాత్రం ఎవరూ చూడొద్దు. ముడుమాల్‌లో ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. మొక్కు ఉన్న రాయి జోలికి కాంట్రాక్టరు త్వరగా పోడు, ఆ భయభక్తుల వల్లే చాలా రాళ్లు మిగిలాయి. కుల పెద్దలతో కూర్చుని, పసుపు కుంకుమ సరే, సిమెంటూ పెయింటూ వద్దని ఒప్పించండి.

ఇప్పుడు కాగితం పని. 'పురాతన కట్టడానికి 100 మీటర్లలో కట్టకూడదు' అని చాలామంది రాసేస్తారు. ఆ 100 మీటర్ల నిషేధం, దాని అవతల 200 మీటర్ల నియంత్రణ కేంద్రం రక్షిత జాబితాలో చేర్చిన వాటికే వర్తిస్తాయి. ఒంటి నిలువురాళ్లలో చాలావరకు ఏ జాబితాలోనూ లేవు. తప్పు చట్టం చూపిస్తే అర్జీ మొదటి టేబుల్ దగ్గరే ఆగిపోతుంది. మీరు అడగాల్సింది 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం కింద స్థలాన్ని పరిశీలించి రక్షణలోకి తీసుకోమని, అది తేలేదాకా చుట్టూ తవ్వకం ఆపమని. సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు ఇచ్చి రసీదు తీసుకోండి, ఒక ప్రతి హెరిటేజ్ తెలంగాణకు (రాష్ట్ర పురావస్తు శాఖ), ఒకటి పంచాయతీకో మున్సిపాలిటీకో పంపండి. ఒకటే పేజీ చాలు. సర్వే నంబరు, లేఅవుట్ అనుమతి నంబరు, ఫోనులో వచ్చిన అక్షాంశ రేఖాంశాలు, కొలతలు, నాలుగు ఫొటోలు, చేత్తో గీసిన నక్షా. 'మా చరిత్ర' అని రెండు పేరాలు రాయకండి, ఎవరూ చదవరు. కదలిక లేకపోతే సమాచార హక్కు కింద అర్జీ ఏమైందో అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

దీనికన్నా త్వరగా పనిచేసేది వెంచర్ యజమానితో మాట. ఏ లేఅవుట్‌లోనైనా పార్కుకు ఖాళీ స్థలం వదలాల్సిందే. తుది అనుమతి ఇంకా రాకపోతే, ఆ ఖాళీ స్థలం రాయి చుట్టూ పడేలా ప్లాన్ మార్చుకోమని అడగండి. ఆయనకు ప్లాటు నష్టం ఉండదు, రాయికి చోటు కాగితం మీద దక్కుతుంది. అనుమతి వచ్చేసి ప్లాటు అమ్ముడైపోయి ఉంటే ఈ దారి చాలా ఇరుకు, కొన్నవాళ్లతో మాట్లాడుకోవాల్సిందే. 'తీసి పార్కులో పెడదాం' అంటే వెంటనే తలూపకండి. నాగార్జునసాగర్ నీళ్లొచ్చినప్పుడు వేరే దారిలేక కొన్ని కట్టడాలను లోయలోంచి తెచ్చి నాగార్జునకొండ మీద తిరిగి కట్టారు. అది శాస్త్రీయంగా తవ్వి, నమోదు చేశాక జరిగిన పని. క్రేనుతో పీకి వేరేచోట పాతిన రాయి దిక్కూ పోతుంది, దాని మొదట్లో ఉన్నదంతా పోతుంది.

పక్క ప్లాటు పునాది కాలువ గోడల్ని మాత్రం ఈ వారమే చూడండి. ఎర్రటి మొరం కోతలో బూడిద రంగు మట్టి గుంత ఆకారంలో కనబడితే, అంచు మీద నిలబడ్డ బండలు గానీ, పెంకులు గానీ, తుప్పు ముద్దలు గానీ బయటపడితే ఫొటో తీసి తహసీల్దారుకు అదే రోజు చెప్పండి. భూమిలో దొరికిన 10 రూపాయలకు మించిన పాత వస్తువును కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టమే ఉంది. ఆ మాట మేస్త్రీకి మర్యాదగా చెబితే పని ఆగుతుంది. రాయి మొదట్లో కొత్త గుంత, నిమ్మకాయలు కనబడితే అది గుప్తనిధుల వాళ్ల పని. మీరు దిగి చూడకుండా పోలీసులకు చెప్పండి.

ఒకవేళ మీరు వెళ్లేసరికే రాయి పడిపోయి ఉంటే, తిరిగి నిలబెట్టి సిమెంటు పోయనివ్వొద్దు. పడ్డచోటే ఉండనిచ్చి, అది ఊడివచ్చిన గుంతను వెతికి, కూర్పు రాళ్లు కదపకుండా ఫొటో తీసి, గుంతలో పాత ప్లాస్టిక్ నేత సంచి పరిచి పైన ఇసుక నింపండి. తర్వాత తవ్వేవాళ్లకు ఇసుక ఎక్కడ ఆగిందో, పాత మట్టి ఎక్కడ మొదలైందో సంచి చూసి తెలుస్తుంది.