ఇంగ్లీష్ మాటల్లో తప్పులు పట్టే చాదస్తం మానుకోవాలా?

మీరు రెండు సంగతులు అడిగారు. మనవాళ్ళు ఎక్కువగా తప్పు వాడే ఇంగ్లీష్ మాటలేవి అన్నది ఒకటి. ఆ తప్పు కంటపడితే ఊరుకోలేకపోతున్నాను, హాస్టల్‌లో స్నేహితులంతా చాదస్తం అంటున్నారు, మానుకోవాలా అన్నది రెండోది. రెండోదానికే ముందు జవాబు చెప్తాను. మానుకోవద్దు. ఎక్కడ చూపించాలో, ఎక్కడ నోరు కట్టేసుకోవాలో తెలుసుకుంటే చాలు.

నాది హన్మకొండ. నయీంనగర్ వైపు డీటీపీ సెంటర్ నడుపుతాను. ప్రాజెక్టు రిపోర్టులు, పీహెచ్‌డీ థీసిస్‌లు, పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు, షీల్డుల మీద వేసే మ్యాటర్, రోజంతా ఇదే పని. అందులో టైపింగ్ కన్నా, డిజైన్ కన్నా నాకు ప్రూఫ్ చూడటమంటే ప్రాణం. పేజీ మీద ఒక్క అక్షరం తేడాగా ఉంటే కన్ను అక్కడే ఆగిపోతుంది. ఆ అక్షరం ఎందుకలా ఉండాలో వెతుక్కుంటూ పోతే ఎక్కడెక్కడికో దారి తీస్తుంది. అసలు సంతోషం అక్కడే ఉందని నా నమ్మకం.

ఒక ఉదాహరణ చెప్తాను. మన ఊళ్లో కాలేజీలున్న ఏ రోడ్డు మీద నడిచినా ‘స్టేషనరీ’ అనే బోర్డు కనిపిస్తుంది. చాలా బోర్డుల మీద చివరి ‘ఆర్, వై’కి ముందు ‘ఏ’ ఉంటుంది. ‘ఏ’ ఉంటే కదలకుండా నిలిచి ఉన్నది అని అర్థం. పెన్నులు, కాగితాలు అనాలంటే అక్కడ ‘ఈ’ ఉండాలి. ఎన్వలప్‌కు మొదటి అక్షరం ‘ఈ’ కాబట్టి, కవర్లు అమ్మే దుకాణానికి ‘ఈ’ అని గుర్తుపెట్టుకోవచ్చు.

ఇంతవరకు చాలామందికి తెలుసు. అసలు ఈ రెండు మాటలూ ఒకే ఇంట్లో పుట్టినవి. మధ్యయుగాల యూరప్‌లో చిల్లర వ్యాపారులు ఎక్కువగా ఊరూరా తిరిగి అమ్ముకునేవాళ్ళు. పారిస్, బొలోన్యా లాంటి యూనివర్సిటీల దగ్గర మాత్రం కొందరు ఒకే చోట దుకాణం పెట్టుకుని పుస్తకాల వ్యాపారం చేసేవాళ్ళు. నిలిచి ఉండేవాడు కాబట్టి అతన్ని లాటిన్‌లో ‘స్టాటియోనారియస్’ అన్నారు. అతని పనేమిటంటే, యూనివర్సిటీ సరిచూసి ఇచ్చిన గ్రంథాన్ని విడివిడి భాగాలు చేసి అద్దెకివ్వడం. విద్యార్థులు ఒక్కో భాగం తీసుకెళ్లి నకలు రాసుకుని, తిరిగిచ్చి, తర్వాతి భాగం పట్టుకెళ్ళేవాళ్ళు. ఇప్పుడు కాకతీయ యూనివర్సిటీ దగ్గర కేయూ క్రాస్‌రోడ్స్‌లో నోట్స్ జిరాక్స్ తీసిచ్చే దుకాణం చేసే పని అదే. ఈ సంగతి చదివిన రోజు నా దుకాణం నాకు కొత్తగా కనిపించింది.

ఇంకో మెట్టు కిందికి దిగితే, లాటిన్‌లో నిలబడటం అనే అర్థమున్న ఆ ధాతువూ, సంస్కృతంలో ‘స్థా’ ధాతువూ చుట్టాలే. స్థానం, స్థిరం, స్థితి అన్నీ అక్కడివే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉంటాయని సర్ విలియం జోన్స్ అనే భాషా పండితుడు 1786లో కలకత్తాలో చెప్పాడు. తెలుగు ద్రావిడ భాషే అయినా ఈ మాటలు సంస్కృతం నుంచి మన నోట్లోకి వచ్చి స్థిరపడ్డాయి. స్టేషనరీ అంటే స్థిరం అనుకుంటే ‘ఏ’ ఎక్కడ రావాలో ఇక మర్చిపోరు.

‘ప్రిన్సిపల్’ కూడా ఇలాంటిదే. అక్నాలెడ్జ్‌మెంట్ పేజీలో పిల్లలు కాలేజీ ప్రిన్సిపాల్‌కు కృతజ్ఞతలు చెప్పబోయి, చివర ‘ఎల్, ఈ’ పెట్టి ఒక సూత్రానికి కృతజ్ఞతలు చెప్తుంటారు. చివర ‘ఏ, ఎల్’ ఉంటే కాలేజీ పెద్ద. బ్యాంకు లోనులో వడ్డీ పోగా మిగిలే అసలు కూడా ఆ స్పెల్లింగే. నా దగ్గరికొచ్చే పిల్లలకు నేనిలా చెప్తాను: అసలు డబ్బు, కాలేజీలో అసలు మనిషి, రెండింటికీ ‘అ’ ఉంది కాబట్టి ‘ఏ’ పెట్టండి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఇంగ్లీష్ చిట్కా కన్నా ఇది తొందరగా పట్టుబడుతుంది.

ఒక రోజు ఒక అబ్బాయి షీల్డు మ్యాటర్ పట్టుకొచ్చాడు. వాళ్ళ ఊరి హైస్కూల్ సార్ రిటైర్ అవుతుంటే పూర్వ విద్యార్థులంతా కలిసి సన్మానం పెట్టుకున్నారు. నేను కంప్యూటర్‌లో ‘మెమెంటో’ అని టైప్ చేస్తుంటే వెనక నుంచి చూసి, “అన్నా, మొమెంటో కదా అందరు అనేది? నువ్వు ‘మె’ కొట్టినవేంది?” అన్నాడు. మెమెంటో అంటే లాటిన్‌లో ‘గుర్తుపెట్టుకో’ అని అర్థమని చెప్పాను. మనసు అనే మాట కూడా ఆ లాటిన్ మాటకు చుట్టమే, అందుకే ‘మె’ ఉండాలి, ‘మొ’ పెడితే కదలడం అనే అర్థమున్న వేరే మాట దగ్గరికి పోతుంది అన్నాను. వాడు కొంచెంసేపు స్క్రీన్ వైపు చూసి, “అంటే యాదిపెట్టుకో అన్నట్టా?” అన్నాడు. సరిగ్గా అదే. “అయితే గట్లనే ఉంచు. కింద తెలుగుల ‘మా యాదిల ఉంటరు సార్’ అని గూడ వెయ్యి” అన్నాడు. అనుకున్న మ్యాటర్ కన్నా ఆ షీల్డు మీద మాట ఎంతో బాగా వచ్చింది. సవరణ అంటే ఇలా ఉండాలి. చెప్పినవాడికీ విన్నవాడికీ ఏదో ఒకటి చేతికి రావాలి.

కొన్ని పొరపాట్లు అక్షరంతో పోవు, ఆరోగ్యం దాకా వస్తాయి. అన్నింటికన్నా నాకు బాధ కలిగించేది ‘హైపర్‌టెన్షన్’. మన దగ్గర టెన్షన్ అంటే ఆందోళన. డాక్టరు చీటీలో హైపర్‌టెన్షన్ అని కనిపిస్తే ‘ఎక్కువ టెన్షన్ పడుతున్నాడు’ అనుకుంటారు. ఆ మాటకు రక్తపోటు ఎక్కువగా ఉండటం అని మాత్రమే అర్థం. మనిషి ఎంత ప్రశాంతంగా ఉన్నా రక్తపోటు ఎక్కువ ఉండొచ్చు, పైకి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు కూడా. మా బంధువుల్లో ఒక పెద్దాయన బిడ్డ పెళ్లి అయిపోగానే, “ఇగ నాకేం టెన్షన్ ఉన్నది?” అని గోలీలు ఆపేశాడు. కూర్చోబెట్టి, “కాకా, ఈ టెన్షన్ వేరు, ఆ టెన్షన్ వేరు” అని విడమర్చి చెప్పాక మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయాడు. ‘క్రానిక్’ అంటే తీవ్రమైనది అనుకోవడం కూడా చాలా చోట్ల వింటాను. క్రానిక్ అంటే దీర్ఘకాలంగా ఉన్నది, అక్యూట్ అంటే ఉన్నట్టుండి వచ్చింది. ‘పేషెంట్ స్టేబుల్’ అంటే ప్రస్తుతానికి పరిస్థితి మారడం లేదని, తగ్గిపోయిందని కాదు. ఇలాంటి చోట తేడా తెలిసినవాళ్ళు చెప్పి తీరాలి. ఎవరేమనుకున్నా సరే.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. లూజ్ అనే మాటకు రెండు ‘ఓ’లు ఉంటే వదులు, ఒకటే ఉంటే పోగొట్టుకోవడం. అడ్వైజ్ చివర ‘ఎస్, ఈ’ ఉంటే సలహా ఇవ్వడం, ‘సి, ఈ’ ఉంటే సలహా. ఈ రెండు జంటల్లోనూ ఇంగ్లీష్‌లో ఒకదాని చివర ‘స’, ఇంకోదాని చివర ‘జడ్’ పలుకుతుంది. మనకు ఆ జడ్ ధ్వని పుట్టుకతో లేదు కాబట్టి చెవికి తేడా అందదు, చెవికి అందనిది చేతికి రాదు. ‘డిస్కస్ అబౌట్’లో అబౌట్ అక్కర్లేదు. ‘బైమంత్లీ’ అనే మాటను మాత్రం వాడకండి. నెలకు రెండుసార్లు అనీ, రెండు నెలలకోసారి అనీ డిక్షనరీలు రెండర్థాలూ ఇస్తాయి. అపార్ట్‌మెంట్ నోటీసులో ఆ మాట వేయమని ఎవరైనా వస్తే నేను వాళ్ళని అడిగి, రెండింటిలో కావలసింది విడమర్చి రాస్తాను.

ఇప్పుడు తప్పులు కానివాటి సంగతి. చాదస్తం ఉన్నవాళ్ళు ఇక్కడే ఆగి ఆలోచించాలి.

‘కజిన్ బ్రదర్’ అంటే నవ్వేవాళ్ళుంటారు. కజిన్ అంటే చాలదా అంటారు. మనకు చాలదు. చిన్నాన్న కొడుకు మనకు అన్నో తమ్ముడో అవుతాడు, మేనమామ కొడుకు బావో బామ్మర్దో అవుతాడు. ఒకరు తోడబుట్టినవాడితో సమానం, ఇంకొకరు వరస కుదిరిన మనిషి. ఇద్దరినీ ఒకే మాటలో కలిపేస్తే మన ఇళ్ళల్లో ఎంత తేడా వస్తుందో చెప్పక్కర్లేదు. పెళ్లిపత్రికలు వేసేవాడిగా చెప్తున్నాను, ఆ ‘బ్రదర్’ అనే రెండో మాట మన బంధుత్వాల లెక్క చెప్పడానికి వచ్చింది. నేను దాన్ని ఎప్పుడూ కొట్టేయను.

‘ప్రిపోన్’ కూడా అంతే. పోస్ట్‌పోన్ ఉన్నప్పుడు ప్రిపోన్ ఎందుకుండకూడదు? ఆ మాట ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో ఉంది. డిగ్రీ అయిపోయిందని చెప్పడానికి ‘పాసవుట్’ అంటాం. అది స్పృహ తప్పడం అని ఎగతాళి చేస్తారు కానీ, మిలిటరీ అకాడమీల్లో శిక్షణ ముగిస్తే జరిగే పాసింగ్ అవుట్ పరేడ్ బ్రిటిష్ వాళ్ళదే కదా. ‘అవుటాఫ్ స్టేషన్’ కూడా బ్రిటిష్ అధికారులు తమ ఉద్యోగపు ఊరిని స్టేషన్ అని పిలుచుకున్న కాలం నుంచి మిగిలింది. ఇవన్నీ మన ఇంగ్లీష్. తప్పులు కావు.

రూల్స్ అని చలామణి అయ్యేవాటిలో కొన్ని రూల్సే కావు. లెక్కపెట్టగలిగేవాటికి ‘లెస్’ వాడకూడదు, ‘ఫ్యూయర్’ వాడాలి అన్న మాట 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన తన అభిప్రాయంగా రాసింది. అంతకు ముందు వందల ఏళ్ళు ఇంగ్లీష్ వాళ్ళు లెక్కపెట్టేవాటికి కూడా లెస్ వాడారు. పరీక్షలో అడిగితే ఫ్యూయర్ రాయండి. మాట్లాడేటప్పుడు ఎవరినీ దాని మీద నిలదీయకండి. ఒక నియమం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం కూడా ప్రూఫ్ చూడటంలో భాగమే.

నోటి మాటను సవరించే విషయంలో నా అభిప్రాయం గట్టిది. మనం ఓరుగల్లు వాళ్ళం. మన తెలుగును పుస్తకాల తెలుగుతో కొలిచి, ఇది భాషేనా అని ఎగతాళి చేసిన కాలం మన పెద్దవాళ్ళు చూశారు. సినిమాల్లో మన యాసను చాలాకాలం రౌడీకో హాస్యగాడికో ఇచ్చారు. జనం నోట్లో ఉన్నదే భాష అని జీవితమంతా గట్టిగా నిలబడి చెప్పిన కాళోజీ మన ఊరి మనిషి. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9నే తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అలాంటి చోట పుట్టి, ఇంగ్లీష్ మాట్లాడటానికి ధైర్యం చేసిన మనిషిని పదిమందిలో మధ్యలో ఆపి దిద్దడం నాకు అస్సలు సరిపడదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఒక్కసారి అలా ఆగితే మళ్ళీ నోరు తెరవరు. కాగితం సంగతి వేరు. అచ్చయ్యేది పదేళ్ళు ఉంటుంది, పదిమంది చేతుల్లోకి పోతుంది. అక్కడ ఎంత పట్టింపు ఉన్నా తక్కువే.

ఈ పట్టింపు ఇంగ్లీష్‌కే పెట్టుకోకండి. తెలుగులో వత్తుల దగ్గరికి వస్తే ఎంతమంది చూస్తున్నారు? ‘థ’ ఉన్న అర్థం భావం, ‘ధ’ ఉన్న అర్ధం సగం. అర్ధరాత్రి అని రాయాల్సిన చోట ‘థ’ పెట్టినవి పేపర్లలోనే కనిపిస్తాయి. విద్యార్థికి ‘ధ’ పెట్టిన కాలేజీ ఫ్లెక్సీలు లెక్కలేనన్ని. ప్రిన్సిపల్ జంటకూ దీనికీ ఏం తేడా లేదు. ఇంగ్లీష్ స్పెల్లింగ్ మీద చూపించే శ్రద్ధ తెలుగు వత్తు మీద కూడా చూపిస్తే మీ స్నేహితులు కూడా మిమ్మల్ని వేరే కన్నుతో చూస్తారు.

మీరు హాస్టల్‌లో ఉన్నారు కాబట్టి మీ చాదస్తానికి మంచి పని చూపిస్తాను. ఫైనల్ ఇయర్ వాళ్ళ ప్రాజెక్టు రిపోర్టులు బైండింగ్‌కు పోకముందు ఒకసారి చూసిపెడతానని మీరే అడగండి. ఎవరూ వద్దనరు. టైటిల్ పేజీ, సర్టిఫికెట్ పేజీ, అక్నాలెడ్జ్‌మెంట్, ఈ మూడూ ముందు చూడండి. అవి సీనియర్ల రిపోర్టుల నుంచి కాపీ అయి వస్తాయి, కాబట్టి పాత తప్పులు ఏటేటా అలాగే దిగుతుంటాయి. కంప్యూటర్ స్పెల్‌చెక్ మీద చాలామంది భరోసా పెట్టుకుంటారు కానీ రెండు స్పెల్లింగులూ సరైనవే అయినప్పుడు తప్పు మాట కింద ఎర్రగీత పడుతుందన్న నమ్మకం లేదు. పెన్సిల్‌తో పక్కన చిన్నగా గుర్తుపెట్టి, ఎందుకో ఒక్క మాటలో చెప్పండి. ప్రిన్సిపాల్ స్పెల్లింగ్‌తో పాటు ఆయన పేరు కూడా చూడండి. బదిలీ అయిపోయిన సార్ పేరు అలాగే ఉండిపోయిన రిపోర్టులు నా దగ్గరికి ప్రతి ఏప్రిల్‌లో వస్తుంటాయి.