ఆఫర్ ఇంకా రాలేదు, ఇప్పుడే చెప్పేయాలా?

ప్రశ్న: గచ్చిబౌలిలో థర్డ్ పార్టీ పేరోల్ మీద (పని ఒక కంపెనీలో, జీతమిచ్చేది ఇంకో కంపెనీ) ఆరు నెలల కాంట్రాక్టులో చేరి మూడు వారాలైంది. అంతకుముందు ఇంటర్వ్యూకి వెళ్లిన కంపెనీవాళ్లు ఇప్పుడు పర్మనెంట్ పోస్టు రావచ్చంటున్నారు, జీతమూ ఎక్కువే. మేనేజర్ చాలా మంచాయన. చెప్పాలా వద్దా అని ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఇప్పుడే చెప్పకండమ్మా. హెచ్ఆర్ ఫోన్లో అన్నమాట ఆఫర్ కాదు, జీతం, చేరే తేదీ రాసిన లెటర్ చేతికొచ్చేదాకా మీ పని మీరు చేసుకోండి. ఈలోగా మీ అగ్రిమెంట్ తీసి నోటీసు ఎన్ని రోజులో చూడండి, అది మీరు సంతకం పెట్టింది పేరోల్ కంపెనీతో కాబట్టి రాజీనామా కూడా వాళ్లకే పంపాలి. మధ్యలో మానేస్తే ఇంత కట్టాలనే బాండ్ ఒకవేళ అందులో ఉన్నా భయపడకండి. 1872 కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం అందులో ఎంత రాసుకున్నా కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే, అదీ బాండ్‌లో రాసిన మొత్తానికి మించి కాదు. లెటర్ వచ్చాక మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా ఆ మేనేజర్‌గారికి ముందు నోటితో చెప్పండి, ఆయన మంచితనానికి అది మీరు ఇవ్వాల్సిన గౌరవం. ఈ మూడు వారాల ఉద్యోగాన్ని కొత్తవాళ్ల దగ్గర దాచొద్దు, పీఎఫ్ కడితే మీ యూఏఎన్‌లో (పీఎఫ్ నంబరులో) కనిపిస్తుంది. మానేసేటప్పుడు పేరోల్ కంపెనీ నుంచి రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి విడుదల చేశామనే పత్రం) అడిగి తీసుకోండి.