హిమారి పేరు మీద పిన్ని మాట

అమ్మడూ,

పాపకు హిమారి అని పెడదామనుకుంటున్నామని రాశావు. పేరు బాగుంది. బాగుంది కాబట్టే మీ జపానులో అందరూ అదే పెడుతున్నారు. మేజీ యసుదా జీవిత బీమా సంస్థ ఏటా ప్రకటించే జాబితాలో, ఆ పేరు రాసే రెండు కంజీల జంటే (ఒక్కో అక్షరానికీ ఒక అర్థం ఉండే లిపి కదా అది) 2022, 2023లలో ఆడపిల్లల పేర్లలో మొదట నిలిచింది. బడిలో ఒకరిని పిలిస్తే ఇద్దరు పలికినా నువ్వు నొచ్చుకోకూడదు మరి.

ఆ జంటలో మొదటిది ఎండ, రెండోది అఓయి అనే మొక్క. పొద్దుతిరుగుడు పువ్వును వాళ్లు హిమవారి అంటారు కదా, దాని రాతలోనూ ఈ అఓయి ఉంటుంది. అందుకే పేరు చూడగానే ఎండలో తలెత్తిన పువ్వు గుర్తొస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి నియమాల వల్ల 1976 దాకా ఈ అక్షరాన్ని పిల్లల పేర్లలో రాయనిచ్చేవారు కాదంటే ఇప్పుడెవరూ నమ్మరు. క్యోటోలో మే 15న జరిగే అఓయి ఉత్సవంలో ఊరేగింపువాళ్లు తలపాగాలకు గుచ్చుకునే ఆకును నేను చేతిలోకి తీసుకుని చూశాను. అచ్చం తిప్పతీగ ఆకులా, హృదయాకారంలో ఉంది. దానికీ పొద్దుతిరుగుడుకూ పోలికే లేదు! పేర్లు పెట్టేవాళ్లకు అదేం పట్టదులే.

అసలు చిక్కు చదవడంలో ఉంది. అవే రెండక్షరాలను హిమారి అనవచ్చు, హినతా అనవచ్చు, హినా అనీ అనవచ్చు. హాజరు పట్టీ తెరిచిన టీచరు మీ పాప దగ్గర ఒక్క క్షణం ఆగాల్సిందే. 2025 మే నుంచి కుటుంబ రిజిస్టరులో ఉచ్చారణ కూడా నమోదు చేస్తున్నారు కనుక దరఖాస్తులో ఆ గడి నువ్వే దగ్గరుండి నింపించు. తర్వాత పేరు మార్చుకోవాలంటే కుటుంబ న్యాయస్థానం మెట్లెక్కాలి.

ఇంకొకటి. ఇరవై ఒకటో రోజు బారసాలకు పేరు తేలుద్దామని మీ అమ్మ అంటుంది. వినకు. పుట్టిన 14 రోజుల్లోగా వార్డు కార్యాలయంలో జననం నమోదు చేయించాలి. పదకొండో రోజున చేసుకోండి, శాస్త్రం ఒప్పుకుంటుంది.

మీ అమ్మ సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఫోనులో మొదటిసారి పిలిచినప్పుడే ఆవిడ దాన్ని 'హిమ' చేసేస్తుంది. ఎండను తలచుకుని పెట్టిన పేరు కాస్తా మంచు అయిపోతుంది. పోనీ అఓయి అని పెడితే, ఎవరినో 'ఓయీ' అని కేకేస్తున్నారనుకుంటుంది. నన్నడిగితే సుమిరె. అడవిలో పూసే చిన్న ఊదారంగు పువ్వు. పలికినట్టే రాసే హిరగానా లిపిలో మూడే అక్షరాలు, తప్పు చదివే వీలే లేదు. మీ అమ్మ 'సుమా' అని పిలిచినా పువ్వే.

మీ ఆయన ఒప్పుకోకపోతే హిమారే కానివ్వండి. ఏడో రోజు రాత్రి మీ అత్తగారు కుంచెతో పేరు రాసి గోడకు పెడతారుగా, దాని ఫొటో ముందు నాకు పంపు.

మీ పిన్ని